మోటారు వేగము - తండ్రుల బాధ్యత

ఇంటర్మీడియెటు పరీక్షయందు కృతార్థుడైన కుమారునకు మోటారు సైకిలు కొనియిచ్చుట మన జిల్లాలలో ఆచారమైపోయినది. కొన్ని యిండ్లలో ఫలితములు వెలువడువరకైనను ఆగుట లేదు. బండి కొననిదే కాలేజీలో చేరనని పట్టుపట్టు బాలురును, ఆ పట్టునకు లొంగిపోవు తండ్రులును తరచుగా కానవచ్చుచున్నారు. బాలునకు వయస్సు నిండినదా, లైసెన్సు వచ్చినదా యని అడుగువారు అరుదు. బండి యెన్ని సీసీలదని అడుగువారే మెండు. ఈ విషయమున యువకులకు హితబోధ చేయుట మా యుద్దేశము కాదు. అట్టి బోధలు వారికి కావలసినన్ని లభించుచున్నవి. మేము ముచ్చటింపదలచినది తాళపుచెవి వారి చేతికిచ్చిన పెద్దలతోడనే.

కేంద్ర రవాణా శాఖవారి నివేదిక ప్రకారము 2022వ సంవత్సరమున దేశమందు 4,61,312 రోడ్డు ప్రమాదములు జరుగగా 1,68,491 మంది మృతినొందిరి. అనగా దినమునకు 460 మందికి పైగా. ప్రతిదినమును ఒక చిన్న పల్లెలోని జనమంతయు తుడిచిపెట్టుకొని పోవుచున్నదన్నమాట. ఈ మరణములలో నూటికి 71కి పైగా అతివేగము వలన సంభవించినవని ఆ నివేదికయే చెప్పుచున్నది. మృతులలో సుమారు మూడింట రెండు వంతులు 18 మొదలు 45 ఏండ్లలోపు వయస్సువారు. సంపాదించి కుటుంబములను పోషింపవలసినవారు.

వేగమనగా నాలుగు నిమిషములు ముందుగా చేరుట యని మాత్రమే బాలుడు తలచును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకండులో సుమారు 17 మీటర్లు పోవును. గేదె అడ్డము వచ్చినదని కన్ను చూచి, బ్రేకు పట్టులోపలనే ఆ దూరము గడచిపోవును. బ్రేకు పట్టిన తరువాత, పొడి రోడ్డయి, టైర్లు మంచివైనను, బండి నిలుచుటకు మరి 20 మీటర్లు కావలయును. వేగమును 120కి పెంచినచో ఈ 20 మీటర్లు 40 కాక 80 అగును. తాకిడిలోని శక్తియు నాలుగింతలగును. మన రోడ్ల సంగతి చదువరులకు తెలియనిది కాదు. కోతల కాలమున సగము రోడ్డుమీద వడ్లు ఎండబోయుదురు. రాత్రివేళ వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కు దారిలోనే నిలిచియుండును. అట్టిచోట 80 మీటర్లు ఎక్కడ దొరకును? హెల్మెటు ధరించుట అత్యావశ్యకమే గాని అది ఈ దూరమును తగ్గింపజాలదు.

విలువైన బండియు, విశాలమైన రోడ్డును రక్షించునను భ్రమ కొందరికి కలదు. 2011 సెప్టెంబరులో హైదరాబాదు ఔటరు రింగు రోడ్డున జరిగిన మోటారు సైకిలు ప్రమాదమున మాజీ క్రికెట్ కెప్టెను అజహరుద్దీన్ గారి 19 ఏండ్ల కుమారుడును, వెంటనున్న బంధువును అసువులు బాసిరి. ఆ బండి 1000 సీసీలది. 2017 మే నెలలో జూబ్లీహిల్సున అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణగారి కుమారుని కారు మెట్రో స్తంభమును ఢీకొనగా అతడును, స్నేహితుడును మరణించిరి. ఆ తల్లిదండ్రుల శోకము తీరునది కాదు. దానిని విమర్శించుటకు మాకు నోరు రాదు. వారికి మంచి బండికిగాని, మంచి రోడ్డుకుగాని కొదవలేకుండెనని మాత్రము మనవి చేయుచున్నాము.

దారిని పోవువారు బలియైనపుడు సంగతి వేరు. 2024 మే నెలలో పుణే నగరమున 17 ఏండ్ల బాలుడు నడుపుచుండిన కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించిరి. బాలల న్యాయమండలివారు కొన్ని గంటలలోనే ఆ బాలునకు బెయిలు మంజూరు చేయుచు, రోడ్డు ప్రమాదములను గూర్చి 300 మాటల వ్యాసము వ్రాయవలెనని షరతు విధించిరి. ఒక్కొక్క ప్రాణమునకు 150 మాటలు! దేశమంతట అలజడి రేగిన పిమ్మట తండ్రి నిర్బంధింపబడెను. అలజడి లేనిచో నేమి జరిగియుండెడిదో ఊహించుట కష్టము కాదు.

చట్టము లేదనుటకు వీలులేదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టములోని 199-ఎ సెక్షను ప్రకారము, 18 ఏండ్లు నిండనివాడు బండి నడిపి నేరము చేసినచో అతని సంరక్షకుడో, బండి యజమానియో దోషిగా భావింపబడును. మూడేండ్ల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. బాలునకు 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు లేదు. తనకు తెలియకయే జరిగినదనియో, తాను తగిన జాగ్రత్త వహించితిననియో రుజువు చేయు భారము ఆ పెద్దమనిషిదే. ఇదిగాక, లైసెన్సు లేనివానికి తెలిసి బండి అప్పగించినచో, బాధితులకు తాము చెల్లించిన పరిహారమును బీమా కంపెనీవారు యజమాని నుండి రాబట్టుకొనవచ్చును. 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారమిదే. ముద్దుకు కొనియిచ్చిన బండికై పిత్రార్జితమగు మాగాణిని అమ్ముకొనవలసివచ్చునని భూస్వాములు గ్రహించుట మంచిది.

అయినను ఆ సెక్షను కాగితములకే పరిమితమైనట్లున్నది. మునసబు కరణముల కాలము పోయినది గాని సిఫారసుల కాలము పోలేదు. పోలీసువారు బాలుని ఆపగనే ఫోను మ్రోగును. "కుర్రవాడు, పోనిండు" అని ఒక నాయకుని పలుకు వినవచ్చును. ప్రభుత్వముల తీరును ఇందుకు అనుగుణముగనే యున్నది. తెలంగాణ ప్రభుత్వమువారు 2022లో ద్విచక్ర వాహనముల చలానా బకాయిలలో నూటికి 75 వంతులు, 2023 డిసెంబరులో మరల 80 వంతులు మాఫీ చేసిరి. పంట పోయిన యేట శిస్తులో రెమిషను ఇచ్చుట మనమెరుగుదుము. అతివేగమునకు జరిమానా పడినవారికి ఏ అనావృష్టి వచ్చినదో మాకు బోధపడకున్నది. ఓపిక పట్టినచో మాఫీ వచ్చునని నేర్చినవాడు చలానాకు భయపడునా?

కాలేజీ దూరము, బస్సు లేదు, ఏమి చేయుదుమని తండ్రులందురు. ఇందు కొంత న్యాయము కలదు. కాలేజీ వేళలకు పల్లెలనుండి బస్సులు నడుపుట ఆర్టీసీవారి విధి. గ్రామస్థులు చందాలెత్తి ఆటోను మాట్లాడుకొనుటయు అసాధ్యము కాదు. అయినను కాలేజీకి పోవుటకు 200 సీసీల బండి యేల? 16 ఏండ్లు నిండినవారికి 50 సీసీలు మించని బండి నడుపుటకు చట్టమే అనుమతి నిచ్చుచున్నది. అంతకు మించినది 18 నిండి, లైసెన్సు వచ్చిన తరువాతనే.

జూన్ నెలలో కాలేజీలు తెరచునప్పుడు లైసెన్సు చూపని విద్యార్థి బండిని ఆవరణలో నిలుపనీయకుండుట యాజమాన్యములవారికి సులభసాధ్యము. ఇక రవాణా శాఖవారు 199-ఎ సెక్షను క్రింద ఏ జిల్లాలో ఎన్ని కేసులు పెట్టిరో, అందెన్నింట తండ్రులకు శిక్షపడెనో ఏటేట ప్రకటింపవలయునని కోరుచున్నాము. ఆ పట్టికను మాకు పంపినచో ఈ పుటలోనే ప్రచురింతుము.