వేళ్లు పోయినోళ్లదే తప్పంటే ఎట్లా?

 

దీపావళి దాటంగనే మన ఆదిలాబాద్ గూడేల నుంచి చాలామంది పత్తి జిన్నింగు మిల్లులకు పనికి పోతరు. ఫీజుల కోసం సెలవుల్లో పోయేటోళ్లు మనలోనూ ఉన్నరు. పోయిన సీజన్‌లో మా గూడెం అన్న ఒకాయన కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకుని ఇంటికొచ్చిండు. చూడటానికి పోయి మేము కూడా ఒకటే మాట అన్నం: "జర చూసుకోవాలె కదా!" ఆ మాట తప్పు.

మిల్లులో దూది బెల్టు మీద పోతది. గింజలను కింద తొట్టిలో తిరిగే స్క్రూ మోసుకుపోతది. దూది చుట్టుకుని ఇరుక్కుంటే మిషన్ ఆపి తీయాలె. కానీ స్విచ్ దూరం, ఆపితే మేస్త్రీ అరుస్తడు. అందుకే నడుస్తుండగానే చెయ్యి పెడతరు. బెల్టు సెకనుకు ఒక మీటరు పోతుంటే అర సెకనులో మోచేయి దాకా లాగేస్తది. ఎంత హుషారున్నా అంతలో చెయ్యి తీసుకోలేం. తిరిగే భాగాలకు మూత ఉండాలె, ఆపే స్విచ్ చేతికందాలె. మూత పెట్టించడం 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచే యజమాని బాధ్యత.

దెబ్బ తగిలినంక ఏమైతది? పెద్దమనుషులను కూర్చోబెట్టి, కొంత డబ్బు చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర తీసుకుంటరు. మనోళ్లు దానం అనుకుంటరు. అది దానం కాదు, హక్కు. 1923 నాటి పరిహార చట్టం పట్టికలోనే ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం, బొటనవేలు పోతే 30 శాతం నష్టమని లెక్కగట్టిండ్రు. పనివాడు ఏమరుపాటుగా ఉన్నడని చెప్పి పరిహారం ఎగ్గొట్టే వీల్లేదు. కావాలని రక్షణ మూత తీసేస్తే మాత్రం పేచీ వస్తది, కాబట్టి మూత ఎవరూ తీయొద్దు. కాంట్రాక్టరు తీసుకుపోయినా మిల్లు యజమాని తప్పించుకోలేడు. ఈఎస్ఐ ఉంటే అక్కడి నుంచే రావాలె. పరిహారం దావాకు రెండేళ్ల గడువుంది.

అందుకే మనం చేయాల్సింది ఇది. పనికి పోయే ముందు మిల్లు పేరు, మేస్త్రీ ఫోన్ నంబరు ఇంట్ల రాసిపెట్టాలె. హాజరు చీటీ, ఆసుపత్రి కాగితాలు ఫోటో తీసుకోవాలె. చదవకుండా వేలిముద్ర వేయొద్దు. చదువుకున్న మనలో ఒకరు తోడు పోయి కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ రాసివ్వాలె.

ఇకమీదట ఎవరికైనా దెబ్బ తగిలితే "చూసుకోవాలె కదా" అనొద్దు. "మిషన్‌కు మూత ఉండెనా?" అని అడుగుదాం.