కదిలే బొమ్మలు – కనబడని అణువులు

పొయ్యి మీద నీళ్ళు సలసల మరుగుతున్నప్పుడు పైకి వచ్చే బుడగల్లో ఏముందని తోటి విద్యార్థులను అడిగి చూడండి. గాలి అని కొందరంటారు. హైడ్రోజన్, ఆక్సిజన్ అని మరికొందరంటారు. ఇలా చెప్పినవాళ్ళు సోమరులు కారు, నీటి సంకేతాన్ని శ్రద్ధగా వల్లించినవాళ్ళే. నిజానికి ఆ బుడగలో ఉన్నది నీటి ఆవిరి. అణువు విడిపోలేదు, అణువులు ఒకదానికొకటి దూరమయ్యాయి, అంతే. ఈ తేడా మాటల్లో చెబితే చెవిన పడుతుంది గాని మనసుకెక్కదు. కంప్యూటరు తెర మీద కదిలే బొమ్మగా చూపితే ఇట్టే తెలుస్తుంది. రసాయనశాస్త్ర పాఠానికి ఇలాంటి బొమ్మలు కావాలని నా అభిప్రాయం.

ఈ బొమ్మల్లో మంచివి ఊహించి గీసినవి కావు. అణువుల మధ్య ఉండే ఆకర్షణ, వికర్షణ బలాలను బట్టి అవి క్షణక్షణం ఎటు కదులుతాయో కంప్యూటరు చేత లెక్క వేయిస్తారు. హైదరాబాదులో 1927లో పుట్టిన అనీసూర్ రహమాన్ అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలలో పనిచేస్తూ, 1964లో ద్రవ ఆర్గాన్‌లో 864 పరమాణువుల కదలికను ఇలా లెక్కగట్టారు. (ప్రయోగశాల పేరుకూ మూలకం పేరుకూ సంబంధం లేదు.) 1971లో స్టిల్లింగర్‌తో కలిసి 216 నీటి అణువులను లెక్కలోకి తెచ్చారు. మన ఊళ్ళలో మాట్లాడుకోదగిన పేరు ఇది.

మంచుగడ్డ నీటిలో ఎందుకు తేలుతుంది? గడ్డకట్టేటప్పుడు ఒక్కొక్క నీటి అణువు చుట్టూ ఉన్న నాలుగింటితో చేతులు కలిపి, నడుమ ఖాళీలు వదిలి నిలుస్తుంది. అందుకే అదే నీరు సుమారు 9 శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఖాళీలు ఏర్పడటం తెర మీద చూసినవాడు దీన్ని బట్టీ పట్టనక్కరలేదు.

అయితే బొమ్మ కూడా అబద్ధమాడుతుంది. ఆక్సిజన్ ఎర్రన, హైడ్రోజన్ తెల్లన అన్నది మనం పెట్టుకున్న గుర్తే. పరమాణువుకు రంగు లేదు. తెర మీద పాతిక అణువులుంటే, గుక్కెడు నీటిలో, అంటే 18 గ్రాముల్లో, 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. ద్రవంలో అణువులు దగ్గరదగ్గరగా ఉంటాయి. బొమ్మలో ఎడం పెంచి గీస్తే, నడుమ గాలి ఉందని పిల్లలు అనుకుంటారు. కాబట్టి తెర వెలిగించక ముందే ప్రతి విద్యార్థీ తన ఊహను నోటుపుస్తకంలో గీయాలి. చూశాక మళ్ళీ గీయాలి. రెండు బొమ్మలకూ తేడా ఎక్కడ వచ్చిందో అక్కడే పాఠం ఉంది. కరెంటు లేని రోజున గోళీలతోనైనా ఈ పని చేయవచ్చు. పరీక్షనాళిక, లిట్మస్ కాగితం పట్టుకునే గంటను మాత్రం ఈ బొమ్మలకు ఇచ్చివేయరాదు.

మన బడుల్లో మరో చిక్కు ఉంది. తెలుగులో, కన్నడంలో, ఒడియాలో అణువు అంటే పరమాణువులు కలిసి ఏర్పడినది. తమిళంలో అణువంటేనే పరమాణువు. మనం అణువనేదాన్ని వాళ్ళు మూలక్కూఱు అంటారు. మరాఠీలోనూ అణువు పరమాణువే, మన అణువు అక్కడ రేణువు. కాబట్టి ఉపాధ్యాయులు బొమ్మను ఆపి, ఇది అణువు, ఇందులోవి మూడు పరమాణువులు అని వేలు పెట్టి చూపాలి. వీధిలో ఆడుకునే మరాఠీ మిత్రుడు ఆ మూడింటి కూర్పును రేణువు అంటే పోట్లాడనక్కరలేదు. ఇద్దరూ వేలు పెట్టిన చోటు ఒకటేనా అని చూసుకుంటే చాలు.