రాస్తుంటే ఏడుపొస్తోంది

ప్రశ్న: నా వయస్సు 52. మావారు పోయి రెండేళ్లయింది. మా ఊళ్లో పెద్దవాళ్లకు కథలు రాయడం నేర్పే తరగతులు పెడుతున్నారు. చేరాలని ఉంది. కాని ఇంట్లో రాయబోతే కన్నీళ్లు ఆగవు. ఆ రాత్రి నిద్ర పట్టదు. రాయడం ఆరోగ్యానికి చెరుపా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: భయపడకండి, చేరండి. రాస్తూ ఏడవడం జబ్బు కాదు. 1986లో అమెరికాలో పెన్‌బేకర్, బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత, మనసుకు తగిలిన దెబ్బల గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా 4 రోజులు రాయించారు. రాసిన వెంటనే దిగులు పెరిగింది. కాని జరిగిందీ, పడిన బాధా కలిపి రాసినవాళ్లు తర్వాతి ఆరు నెలల్లో డాక్టరు దగ్గరకు తక్కువసార్లు వెళ్లారు. ఈ గుణం అందరిలోనూ కనిపించదు. కనుక రాయడం మందు కాదు. అలాగని చెరుపూ కాదు.

రాత్రిపూట రాయకండి. పగలు 15 నిమిషాలు చాలు. మీ కథను మరో పేరు పెట్టి, మరో ఇంట్లో జరిగినట్టు రాయండి. కల్పనలో ఉన్న సుఖం అదే. తరగతిలో పైకి చదవడం ఇష్టం లేకపోతే ముందే చెప్పండి. ఏడుపొస్తే కలం పక్కన పెట్టి కాసేపు నడవండి. రాయని రోజుల్లో కూడా రెండు వారాలపాటు నిద్రా ఆకలీ లేకపోతే డాక్టరుకు చూపించుకోండి. బతకాలనిపించకపోతే మాత్రం ఆ రోజే వెళ్లండి.