పాలు ఏ రంగులో ఉన్నాయో చూశారా?

ఏప్రిల్ వచ్చి నాలుగు వానలు పడితే చాలు, సిడ్నీ నుంచి ఓబరన్ పైన్ అడవుల దారి పట్టే కార్లలో ఈమధ్య మనవాళ్లూ కనిపిస్తున్నారు. వెతికేది శాఫ్రన్ మిల్క్ క్యాప్ అనే నారింజ రంగు పుట్టగొడుగు. గంటల లెక్కన పనిచేసి, అద్దె కట్టి, మిగిలింది ఇంటికి పంపేవాళ్లకి అడవిలో ఊరికే దొరికే కూర మీద మనసు పోవడంలో తప్పేం లేదు. అందుకే "అస్సలు ముట్టుకోవద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేసే సలహా నాకు నచ్చదు. అలా చెప్తే వినేవాళ్లు తక్కువ, చాటుగా వెళ్లేవాళ్లు ఎక్కువ. ఈ ఒక్కదాన్నీ బాగా నేర్చుకోండి, మిగతా వాటి జోలికి పోకండి అన్నది నా మాట.

ఇది పైన్ చెట్టు వేళ్లతో పొత్తు పెట్టుకుని బతుకుతుంది. కాబట్టి ముందు చెట్టును చూడాలి, తర్వాతే పుట్టగొడుగును. గొడుగు మధ్యలో గుంట, పైన వలయాలు వలయాలుగా ముదురు చారలు. కాడ పొట్టి, దానిమీద చిన్న చిన్న గుంటలు, ముదిరితే లోపల బోలు. అడుగున రేకులు తుంచితే క్యారెట్ రంగు పాలు వస్తాయి. నలిగిన చోట కాసేపటికి ఆకుపచ్చగా మారుతుంది. కుళ్లిందనుకుని పారేస్తారు చాలామంది, కుళ్లు కాదది. పాలు తెల్లగా వచ్చాయా, అక్కడే వదిలేయండి. బర్చ్ చెట్ల కింద మొలిచే గులాబీ రంగు మిల్క్ క్యాప్ ఒకటుంది. అంచున నూగు, తెల్లటి పాలు, నాలుక మండే ఘాటు. తింటే వాంతులు, విరేచనాలు. తెల్లనివన్నీ పాలనుకోవద్దని మన పెద్దలు ఊరికే అన్నారా! అన్నట్టు, అసలు రకం తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే హడలిపోకండి, అది దాని రంగే.

"మా ఊళ్లో చిన్నప్పట్నుంచీ ఏరుతున్నాం, మాకు తెలీదా?" అనేవాళ్లతోనే నాకు భయం. మన దగ్గర ఏరేవి పుట్టల మీద మొలిచేవి. వాటిని పెంచేది ఒక జాతి చెదపురుగు. ఆస్ట్రేలియాలో చెదపుట్టలు బోలెడున్నా ఆ జాతి చెదలు మాత్రం లేవు. కాబట్టి ఊరి అనుభవం ఇక్కడ పనికిరాదు. వరిగడ్డి పుట్టగొడుగు ఎరిగినవాళ్లకి మరీ ప్రమాదం. కాన్‌బెర్రా, మెల్‌బోర్న్‌లలో ఓక్ చెట్ల కింద మొలిచే డెత్ క్యాప్ చూడ్డానికి అలాగే ఉంటుంది. 2011 డిసెంబర్ 31 రాత్రి కాన్‌బెర్రాలో ఒక వంటమాస్టరు డెత్ క్యాప్‌లతో కూర వండి తోటివాళ్లకి పెట్టాడు. 2012 జనవరి మొదట్లో అతనూ, అక్కడే పనిచేసే మరొకావిడా చనిపోయారు. మనలాగే పొట్ట చేతబట్టుకుని వచ్చి వంటింట్లో పనిచేసేవాళ్లు.

ఎంత ఉడికించినా డెత్ క్యాప్ విషం పోదు. వెండి నాణెం నల్లబడకపోతే మంచిదనీ, పురుగు తింటే మనమూ తినొచ్చనీ చెప్పేవన్నీ కట్టుకథలు. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు కాడ అడుగున ఏముందో తవ్వి చూడలేవు, పాలు పిండి చూడలేవు. మొదటి రెండు మూడు సీజన్లు తెలిసినవాళ్ల వెంట వెళ్లండి. ఏరినవాటిలో ఒక్కదాని మీద అనుమానం వచ్చినా బుట్ట మొత్తం పారబోయండి, పెట్రోలు డబ్బులు పోతే పోయాయి.

డెత్ క్యాప్ తిన్నాక మామూలుగా 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలీదు. తర్వాత వాంతులు, విరేచనాలు మొదలై, మధ్యలో ఒకసారి తగ్గినట్టే ఉంటుంది. లోపల కాలేయం మాత్రం పాడవుతూనే ఉంటుంది. తగ్గిందిగదా అని షిఫ్టుకు వెళ్లిపోవద్దు. సెలవు పోతుందనో, ఆస్పత్రి బిల్లుకు భయపడో ఆగొద్దు. అనుమానం రాగానే 13 11 26 కి చేయండి, విషాల సమాచారం రాత్రీ పగలూ చెప్తారు. మనిషి పడిపోతే 000. ఇంగ్లీషు కష్టమైతే 131 450 కి చేసి దుబాసీని అడగండి. మిగిలిన ముక్క ఉంటే చెత్తబుట్టలో వేయకుండా కాగితంలో చుట్టి ఆస్పత్రికి పట్టుకెళ్లండి.