వెచ్చదనం గాలికా, మనుషులకా?

ఇంగ్లండులోని పాత చర్చీలు ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్నను ఎదుర్కొంటున్నాయి. 2030 నాటికి తమ కర్బన ఉద్గారాలను నెట్ జీరోకు తేవాలని చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ జనరల్ సినడ్ 2020 ఫిబ్రవరిలో తీర్మానించింది. ఆ సంఘానికి సుమారు 16,000 చర్చి భవనాలున్నాయి. వాటిలో చాలావాటికి వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ భవనాల్లో ఖర్చయ్యే ఇంధనంలో ఎక్కువ భాగం చలికాలంలో లోపల వెచ్చబరచడానికే పోతుంది. కాబట్టి తీర్మానం మాటల్లోనే మిగిలిపోకూడదంటే ముందు మారవలసినవి పాత గ్యాస్, ఆయిల్ బాయిలర్లే.

అయితే ఆ భవనాలను వెచ్చబరచడం తేలిక కాదు. మందమైన రాతి గోడలు, చాలా ఎత్తున పైకప్పు. వేడెక్కిన గాలి పైకి పోతుంది, కింద బల్లల మీద కూర్చున్న పెద్దవాళ్ల కాళ్లు మాత్రం చల్లగానే ఉంటాయి. ఆదివారం ఒక్క గంట ఆరాధన కోసం గంటల ముందు నుంచే బాయిలర్ మండాలి. పైగా ఒక్కసారిగా వేడెక్కి మళ్లీ చల్లారడం వల్ల పాత కొయ్యపని, ఆర్గన్, గోడల మీది చిత్రాలు దెబ్బతింటాయి.

అందుకే అక్కడి సంఘాలు గాలిని కాదు, మనుషులను వెచ్చగా ఉంచాలనే ఆలోచన వైపు మళ్లుతున్నాయి. కొన్నిచోట్ల బల్లల కింద చిన్న విద్యుత్ హీటర్లు, మరికొన్నిచోట్ల కరెంటుతో వేడెక్కే దిండ్లు వచ్చాయి. బాత్ నగరంలోని అబ్బేలో, రోమన్ల కాలం నుంచి పేరున్న వేడినీటి ఊటల నుంచి వృథాగా పోయే వేడిని పట్టి నేలను వెచ్చబరుస్తున్నారు. ఈ పనులు మంచివే. అయినా యంత్రం మార్చినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదని మేమంటాం.

2022 చలికాలంలో బ్రిటన్‌లో ఇంధనం ధరలు పెరిగి, ఇంట్లో హీటర్ వేసుకోలేని కుటుంబాలు ఎన్నో చలిలో ఉండిపోయాయి. అప్పుడు అనేక చర్చీలు గ్రంథాలయాలతో పాటు తలుపులు తెరిచి, వచ్చినవారికి వేడి టీ ఇచ్చి కూర్చోబెట్టాయి. పాత చర్చిని వెచ్చబరచడానికి ఇంతకంటే మంచి కారణం మాకు కనిపించదు. చలితో వణికేవారిని వట్టి మంచిమాటలతో పంపేసే విశ్వాసాన్ని యాకోబు పత్రిక రెండో అధ్యాయం గద్దిస్తుంది. పదిమంది వృద్ధులు మిగిలిన పల్లె సంఘం ఖరీదైన హీట్ పంపు ఎక్కడ కొనగలదు? ఆ భారాన్ని ఉన్న సంఘాలు పంచుకోవాలి.

ఎండల్లో మగ్గే మనకు ఈ గొడవ ఎందుకు అనుకోవద్దు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఆంగ్లికన్ వారసత్వం కూడా ఉంది. దొరల కాలంలో ఇక్కడి ఇంగ్లీషు చర్చీల్లో పంకాలు వేలాడేవి. గాలి లోపలివారికి, తాడు లాగే కూలి చెమట బయట. ఇప్పుడు పట్టణాల్లోని పెద్ద సంఘాలు పాత ఎత్తైన మందిరాలకు ఏసీలు బిగించాలని చందాలు పోగుచేస్తున్నాయి. గాలి ఆడడానికి కట్టిన కిటికీలు మూసేసి, పైకప్పు దాకా ఉన్న గాలినంతా చల్లబరచడం, ఇంగ్లండు వదిలించుకోవాలని చూస్తున్న తప్పును తిరగేసి చేయడమే. అదే ఊళ్లో మన పారిశుద్ధ్య కార్మికుల కాలనీలో రేకుల షెడ్డు కింద మరో సంఘం ఆరాధిస్తూ ఉంటుంది.

యువతకు మా మనవి ఇది. మీ పాస్టరేట్ కమిటీ ఏసీ మాట ఎత్తినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. కిటికీలు తెరిచి, ఫ్యాన్లు బాగుచేసి, ఆరాధనను పొద్దున్నే పెట్టుకుంటే సరిపోదా? ఆ డబ్బులో కొంత కాలనీ సంఘం రేకులకు తెల్లరంగు వేయించడానికి, ఫ్యాన్లు కొనడానికి ఇవ్వలేమా? మే నెల మధ్యాహ్నం వీధులు ఊడ్చి అలసిన తల్లి నీడకోసం వస్తే మన గేటు తెరిచి ఉంటుందా, కుండలో నీళ్లుంటాయా? మూడో ప్రశ్నకు అవునని చెప్పలేని సంఘానికి ఏసీ తొందర అక్కర్లేదు.