అంగడి అరచేతికి వచ్చినది, మన పాట ఏ అరలో ఉన్నది?

సంగీతాన్ని వెల ఇచ్చి కొనవలెనన్న మాట నేటి విద్యార్థికి వింతగా తోచవచ్చును. ఫోనులో లక్షలాది పాటలు ఊరకే వినిపించుచుండగా కొనుట దేనికన్న ప్రశ్న సహజమే. అయినను పామూరు వంటి చిన్న పట్టణంలో చదువుకొనుచున్న మిత్రులకు, ఆ చదువుకు వనరులు సమకూర్చు కళాశాల కమిటీ పెద్దలకు ఈ కొనుగోలును గూర్చి కొన్ని మాటలు మనవి చేయదలచితిమి. సినిమా పాటల ప్రసక్తి మాకు లేదు. వాటికి అంగడి కొరత ఏనాడును లేదు. సినిమా అరలో చోటు దొరకని శాఖలు రెండున్నవి. ఒకటి జానపదము. రెండవది, యువకులు గిటారు, డ్రమ్ములు పట్టుకొని ఏ సినిమా కంపెనీ పిలుపు కొరకు చూడక తమంత తాము కట్టుకొనుచున్న రాక్ సంగీతము, అందులోను బజారు బాణీకి లొంగని ఆల్టర్నేటివ్ రాక్. ఈ రెండింటిని ఎక్కడనో ఎవరో డబ్బిచ్చి కొనుచున్నందువలననే అవి నిలిచియున్నవి.

1902లో గ్రామఫోన్ కంపెనీవారు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి గొంతులను రికార్డులకు ఎక్కించిరి. అది మొదలు చాలా కాలము శ్రోతకు కంపెనీ ఎంచినదే దక్కినది. ఫిలిప్స్ వారు 1963లో తెచ్చిన క్యాసెట్టు మన ఊళ్లకు ఆలస్యముగా చేరినను, చేరిన తరువాత ఆ కట్టు తెగినది. కొద్దిపాటి పెట్టుబడితో ఎవరైనను నకళ్లు తీయగలిగిరి. బుర్రకథలు, ఖవ్వాలీలు, భజనలు తిరునాళ్ల అంగళ్లలో దొరకినవి. పాటల పేర్లు చీటీపై వ్రాసి ఇచ్చినచో ఖాళీ క్యాసెట్టు నింపి ఇచ్చు దుకాణములు ప్రతి బజారులోను వెలసినవి. అవి పోయినవి. పల్లెటూరి దుకాణముల మాట అటుంచుడు, బొంబాయిలో పేరు మోసిన రిథమ్ హౌస్ సైతము 2016లో తలుపులు మూసినది.

ఇప్పుడు అంగడి ఇంటర్నెట్టులో ఉన్నది. మద్రాసునకో హైదరాబాదునకో పోనక్కరలేకుండ పామూరులో కూర్చుండియే ప్రపంచములోని ఏ మూల ఆల్బమునైనను తెప్పించుకొనవచ్చును. ఇది చిన్న మేలు కాదు. అయితే ఈ అంగడిలో కొనుట, అద్దెకు తీసికొనుట అని రెండు వ్యవహారములున్నవని మన యువకులలో చాలమంది గమనించుట లేదు. స్పాటిఫై, జియోసావన్ వంటివి అద్దె ఇండ్లు. నెల రుసుము చెల్లించినను, ప్రకటనలను సహించి ఊరకే విన్నను, పాట మనది కాదు. కంపెనీకి హక్కుదారునకు ఒప్పందము చెడిన రోజున అది మాయమగును. పైగా 2024 నుండి స్పాటిఫైలో ఒక నియమము అమలులో ఉన్నది. గడచిన 12 నెలలలో 1000 సార్లైనను వినబడని పాటకు రాయితీ సొమ్ము ఏమియు రాదు. సినిమా పాటకు వేయి ఒక లెక్కా? ఒక వీథిభాగవతుని పాటకు, ఒక కళాశాల కుర్రవాడు కట్టిన రాక్ పాటకు ఆ వేయియే దాటరాని గడప.

అమ్మి ఇచ్చు అంగళ్లు కూడ ఉన్నవి. 2008లో తెరువబడిన బ్యాండ్‌క్యాంప్ అను వేదికలో కళాకారుడు తానే వెల నిర్ణయించును, ఇష్టమైనవారు అంతకు మించియు ఈయవచ్చును. ఫైలు రూపమున అమ్మిన ఆల్బముపై ఆ వేదిక తీసికొను వంతు 15 శాతము. కొన్న ఫైలు ధ్వని నాణ్యము తగ్గకుండ మన కంప్యూటరులోనికి దిగును, దిగినది మనదే. అచ్చట కొనదలచిన విద్యార్థులకు ఒక సూచన. మన బ్యాంకు కార్డులను 2020 నుండి స్వదేశ వ్యవహారమునకు మాత్రమే తెరచి ఇచ్చుచున్నారు. విదేశీ చెల్లింపు కావలెనన్నచో ఖాతాదారుడే కోరి తెరిపించుకొనవలెను.

మన దేశములో ఇట్టి అంగడి నిలువలేదా అని అడుగవచ్చును. ఫ్లిప్‌కార్ట్ వారు 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ అను పేర పాటల ఫైళ్లు అమ్ము దుకాణము తెరచి 2013 జూనులోనే మూసివేసిరి. ఊరకే దొంగనకలు దొరకుచున్న చోట వెల పెట్టి అమ్ముట వారికి గిట్టలేదు. నేరము వారిది మాత్రమే అని మేమనుకొనము. ఆ కాలమున పెన్ డ్రైవు నిండ పాటలు నింపుకొనని విద్యార్థి ఎందరని లెక్కించిన చాలును.

ఉచితముగా ఇచ్చుట వేరు, ఊరక తీసికొనుట వేరు. ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బృందము 2000లో ‘కందీసా’ ఆల్బము వెలువరించినది. అందులో కేరళ సురియాని క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన ఒకటి, నర్మదా తీరపు జానపదము ఒకటి, రాక్ వాద్యములతో కలిసి వినబడును. ఆ బృందమువారే 2010లో ‘16/330 ఖజూర్ రోడ్’ అను ఆల్బమును నెలకొక పాట చొప్పున ఇంటర్నెట్టులో ఉచితముగా ఇచ్చిరి. అది వారి ఇష్టము. ఇచ్చువాని ఇష్టము లేని చోట ఉచితము అన్నమాట చెల్లదు.

రాక్ సంగీతమనగానే మన పెద్దలలో కొందరు ముఖము చిట్లింతురు. అది విదేశీ గోల, మన పాట వేరు అందురు. ఉర్దూ విభాగపు సోదరులు వారికి నుస్రత్ ఫతే అలీఖాన్ గారిని గుర్తుచేయగలరు. 1990లో ‘మస్త్ మస్త్’ ఆల్బమును ఆయన ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థ ద్వారా వెలువరించిరి. 1995 నాటి ‘డెడ్ మాన్ వాకింగ్’ చిత్రము కొరకు పెర్ల్ జామ్ అను అమెరికా రాక్ బృందపు గాయకుడు ఎడ్డీ వెడ్డర్ ఆయన సరసన గొంతు కలిపెను. ఖవ్వాలీకి ఆల్టర్నేటివ్ రాక్‌కు మధ్య గోడ ఉన్నదని ఆ ఇద్దరును తలచలేదు.

ఇక మన అర సంగతి. మన ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా గారు శ్రీరంగములో స్థిరపడి నాదస్వరమునకు ఒక యుగకర్తయై 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు పొందిరి. ఆయన ఆల్బములు దొరకును. కాని వెదకుటలోనే చిక్కున్నది. షేక్, షైక్, చిన, చిన్న, మౌలానా, మౌలాన అని ఇంగ్లీషు అక్షరములలో అమ్మకందారుకొక తీరుగ వ్రాసియుందురు. ఒక్క రూపముతో వెదకి దొరకలేదని విరమించుకొనువాడు నష్టపోవును. గుంటూరు సీమ పొన్నెకల్లులో 1920లో జన్మించి బుర్రకథకు పర్యాయపదమైన షేక్ నాజర్ గారి సంగతి మరింత దిగులు పుట్టించును. 1954 నాటి ‘అగ్గిరాముడు’ చిత్రములోని ఆయన అల్లూరి కథ సులభముగా దొరకును, ఏలయన సినిమాలో ఉన్నది. రాత్రి తెల్లవార్లు పల్లె జనమును కూర్చుండబెట్టిన అసలు ప్రదర్శన ఎట్లుండెనో నేటి విద్యార్థి ఏ అంగడిలో కొనగలడు?

పేరున్నవారి గతి ఇది. పేరు లేనివారి పాట ‘తెలుగు జానపద గీతాలు, మూడవ భాగము’ అను అట్ట క్రింద చేరును. గాయకులు ‘వివిధ కళాకారులు’, రచన ‘సంప్రదాయము’. పాడిన మనిషికి ఊరు లేదు, పేరు లేదు, కనుక పంపవలసిన సొమ్మునకు చిరునామా కూడ లేదు. పల్నాటి వీరుల కథను పరిశోధించిన అమెరికా పండితుడు జీన్ రోఘెయిర్ 1982లో ప్రచురించిన గ్రంథములో, కథ పాడినది అలిసెట్టి గాలెయ్య అని పేరు చెప్పినాడు. పరదేశి పాటించిన ఆ మర్యాదను మన పాటల వ్యాపారులు పాటింపకుండుట మాకు సిగ్గుగా ఉన్నది.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు మన పామూరు నెల్లూరు జిల్లాలోనిది. పచ్చిక మేపుకు పుల్లరి చెల్లించు విషయమై నెల్లూరు నల్లసిద్ధితో పోరిన కాటమరాజు కథ మన ఈ సీమదే. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఆ కథలను పరిష్కరించి గ్రంథముగా ఇచ్చిరి. పుస్తకము చదువవచ్చును, కొమ్ము ఊది పాడు గొంతు పుస్తకములో వినబడదు. పీర్ల పండుగనాడు గుండము చుట్టు తిరుగుచు హిందూ ముస్లిములు కలిసి తెలుగున పాడు పాటలును అట్టివే. అవి మన కళాశాల రెండు విభాగముల ఉమ్మడి ఆస్తి. వాటిని అమ్ము అంగడి మా కంటబడలేదు.

అమెరికాలో మోజెస్ ఆష్ అను ఆయన 1948లో ఫోక్‌వేస్ అను రికార్డుల సంస్థను స్థాపించి పల్లె పాటలు, పనిపాటలు, చివరకు కప్పల అరుపులు సైతము ముద్రించెను. ఆయన అనంతరము 1987లో స్మిత్‌సోనియన్ సంస్థ దానిని స్వీకరించునపుడు ఒక షరతు ఉండెను. అమ్ముడుపోయినను పోకున్నను ఆ 2168 ఆల్బములలో ఒక్కటియు అంగడి నుండి తొలగరాదు. నేటికిని అవి ఇంటర్నెట్టులో కొనదొరకును, వెంట గాయకుల పేర్లు, పాటల నేపథ్యము తెలుపు వ్యాసములు ఉండును. లాభము చూచుకొను అంగడికిని, బాధ్యత తలకెత్తుకొన్న అంగడికిని గల భేదము ఇదియే.

కమిటీ పెద్దలకు మా విన్నపము పెద్దది కాదు. ప్రయోగశాలకు చాలని సొమ్ము పాటలకు ఎక్కడిదని వారడుగుదురని తెలియును. గ్రంథాలయ పద్దులో ఏటా ఒక చిన్న మొత్తము సంగీతమునకు కేటాయించి, కళాకారునకు వంతు చేరు చోట ఆల్బములు కొనవలెను. కొన్న ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కులలో భద్రపరచి, పుస్తకముల వలెనే రిజిస్టరులో గాయకుని పేరు, ఊరు, సంవత్సరముతో ఎక్కించవలెను. రెండవది, మన చుట్టుపట్ల గాయకులను మనమే రికార్డు చేయవలెను. ఫోనుతో సరిపెట్టరాదు. డప్పు దెబ్బకు ఫోను తనంతట ధ్వనిని తగ్గించుకొనుటచే గొంతు మునిగిపోవును, కనుక చిన్న రికార్డరు ఒకటి కొనక తప్పదు. 1994 సవరణతో కాపీరైటు చట్టము ప్రదర్శకునకు కూడ హక్కు ఇచ్చియున్నది. కనుక పాడినవారి అనుమతి వ్రాతపూర్వకముగా తీసికొని, ఆనాటి కూలికి తక్కువ కాని పారితోషికము వారి చేతికీయవలెను. ఆ పిమ్మట ఆల్బముగా కూర్చి, తెలుగున ఉర్దూన రెండేసి పుటల పరిచయము వ్రాసి, వెల కట్టి ఇంటర్నెట్టులో పెట్టవలెను. వచ్చినది పాడినవారికే పంపవలెను.

మొదటి ఆల్బమునకు పీర్ల పాటలు తగునని మా అభిప్రాయము. రాబోవు మొహర్రమునకు ముందే ఉభయ విభాగముల నుండి ఇద్దరేసి విద్యార్థులు చావిళ్లకు వెళ్లి, ఆ పాటలు పూర్తిగా వచ్చిన ముసలివారు ఎవరెవరున్నారో పేర్లు వ్రాసుకొని రావలెను. పండుగ పది రోజులలో వారికి మనతో మాటలాడు తీరిక ఉండదు.