కన్సల్టెంటు ఊరికి వచ్చిన రోజే రోడ్డు మంచి చెడ్డలు తేలిపోతాయి

(మా గ్రామీణ విలేకరి)

నంద్యాల : వాన వెలిసి రెండు రోజులైనా ఆ ఊరి తారు రోడ్డు మీద మోకాలి లోతున నీళ్లు నిలిచే ఉన్నాయి. నీళ్లకు అవతల పాల క్యాన్లతో ఇద్దరు రైతులు, ఇవతల పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకున్న బడి పిల్లలు. రోడ్డు వేసి మూడేళ్లయినా నిండలేదు. వంక దాటే చోట చిన్న పైపులు రెండు పూడ్చి తూము అనిపించారు. వంక పొంగినప్పుడల్లా నీరు ఆ పైపులలో పట్టక రోడ్డు మీదికి ఎక్కుతున్నది. అంచుల వెంబడి తారు ఊడి కంకర తేలింది.

అది ఈ విలేకరి సొంత ఊరు. రోడ్డుకు కొలతలు తీసిన రోజున వచ్చినవారి వెంట తిరిగి, వారికి టీలు ఇప్పించింది కూడా ఈ విలేకరే. అది ఎండాకాలం. వంకలో చుక్క నీరు లేదు. "ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తు పారుతాయి?" అని వారు అడగలేదు, ఇతడు చెప్పనూ లేదు. మొన్న ఆ నీళ్ల గట్టున నిలబడి ఒక పెద్దాయన, "ఆ పొద్దు వాళ్లెంబడి తిరిగింది నువ్వే గదా నాయనా, ఒక్క మాట చెప్పకపోతివే" అన్నాడు. జవాబు లేకపోయింది.

కొలతలకు వచ్చినవారు ప్రభుత్వ ఉద్యోగులు కారు. ప్రభుత్వం డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంట్ల మనుషులు. పల్లె రోడ్ల పథకాలలో ఈ కన్సల్టెంట్ల పాత్ర ఏమిటో, వారిని ఎట్లా ఎంపిక చేస్తారో, వారి పనిలో గ్రామస్థులు ఎక్కడ మాట చెప్పవచ్చునో మన పల్లెల్లో చాలామందికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఇప్పుడు వచ్చింది. ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన నాలుగో విడతకు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. 2028-29 వరకు దేశం మొత్తం మీద 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలని, అందుకు రూ. 70,125 కోట్లు ఖర్చు చేయాలని నిర్ణయించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మైదాన ప్రాంతాలలో 500, గిరిజన, కొండ ప్రాంతాలలో 250 జనాభా దాటి, రోడ్డు లేని ఆవాసాలు అర్హమైనవి. అంటే కొలతల టేపులు మళ్లీ పల్లెలకు వస్తాయన్నమాట.

కన్సల్టెంట్లు ఎందుకు?

"ఇంజనీర్లు ఉండగా మళ్లీ వీళ్లెందుకు? డబ్బు దండుగ" అని రచ్చబండ మీద వినిపించే మాట. అందులో కొంత నిజం ఉన్నా అంతా నిజం కాదు. మామూలు రోజుల్లో ఉన్న రోడ్లను చూసుకోవడానికి పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖ సిబ్బంది సరిపోవచ్చు. పెద్ద పథకం వచ్చినప్పుడు వందల రోడ్లకు ఒకేసారి సర్వే చేయాలి, మట్టి పరీక్షలు చేయించాలి, అంచనాలు వేయాలి. అందుకోసం శాశ్వతంగా ఉద్యోగులను తీసుకుంటే పథకం ముగిశాక వారికి పని ఉండదు. అందుచేత ఆ పనిని కొంతకాలానికి బయటి సంస్థలకు అప్పగిస్తారు.

అప్పు ఇచ్చే బ్యాంకులు కూడా దీనిని కోరుతుంటాయి. మన రాష్ట్రంలో 250కి పైగా జనాభా ఉండి రోడ్డు లేని సుమారు 3,300 ఆవాసాలకు రోడ్లు వేయడానికి ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 2018 సెప్టెంబరులో 45.5 కోట్ల డాలర్ల రుణానికి ఆమోదం తెలిపింది. ఇట్టి రుణాలు ఇచ్చేవారు తమ డబ్బు ఎట్లా ఖర్చవుతున్నదో చూసే ఏర్పాటు ఉండాలని షరతు పెట్టడం మామూలే.

కన్సల్టెంట్లు చేసే పని ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది రోడ్డు వేయకముందు సర్వే చేసి డి.పి.ఆర్., అంటే సవివర పథక నివేదిక తయారుచేయడం. రెండవది పని జరిగేటప్పుడు నాణ్యత, కొలతలు, గడువులు చూసి శాఖకు తెలియజేయడం. రోడ్డు వేసేది కాంట్రాక్టరు. బిల్లు ఇచ్చేది శాఖ. కన్సల్టెంటు సలహాదారు మాత్రమే. అయినా అతడు కాగితం మీద గీసిన గీతే చివరకు నేల మీద రోడ్డవుతుంది.

పెళ్లి వంటవాడి లెక్క

వీరిని ఎట్లా ఎంచుతారు? గుంతలు పూడ్చే పనిలాగా తక్కువ పాడిన వారికే ఇచ్చేయరు. పెద్ద పథకాలలో ప్రతి సంస్థ రెండు కవర్లు ఇవ్వాలి. ఒక దానిలో తమ అనుభవం, పనిచేసే పద్ధతి, పంపబోయే ఇంజనీర్ల పేర్లు, చదువులు ఉంటాయి. రెండవ దానిలో ధర ఉంటుంది. మొదటి కవరు ముందు విప్పి మార్కులు వేస్తారు. అందులో నిర్ణీత మార్కులు దాటిన వారి ధర కవరే విప్పుతారు.

నాణ్యతకు 80, ధరకు 20 పాళ్లు పెట్టడం ఎక్కువగా వాడుకలో ఉన్నది. ఉదాహరణకు ఒక సంస్థకు నాణ్యతలో 90 మార్కులు వచ్చి, ధర కోటి రూపాయలు అడిగిందనుకుందాం. ఇంకొక సంస్థకు 76 మార్కులు వచ్చి, 80 లక్షలే అడిగింది. ధరలో తక్కువ అడిగిన వారికి నూరు, ఎక్కువ అడిగిన వారికి ఆ దామాషాలో 80 మార్కులు వస్తాయి. రెండూ కలిపితే మొదటి సంస్థకు 88, రెండవ దానికి 80.8. పని మొదటి సంస్థకే దక్కుతుంది.

పెళ్లికి వంటవాడిని మాట్లాడేటప్పుడు మనం చేసేదీ ఇదే. రేటు ఒక్కటే చూడం, చేయి మంచిదా కాదా అని నలుగురినీ అడుగుతాం. అయితే పేరున్న వంటవాడు బయానా తీసుకుని, పెళ్లినాడు శిష్యులను పంపితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. కన్సల్టెంట్ల విషయంలోనూ అదే భయం. కవరులో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు పేరు రాసి మార్కులు తెచ్చుకుని, ఊళ్లోకి మాత్రం నిన్న మొన్న చదువు ముగించిన కుర్రవాళ్లను పంపవచ్చు. ముఖ్యమైన ఇంజనీర్లను తగిన కారణం లేకుండా మార్చరాదని, మార్చినా అంతే అర్హత ఉన్నవారిని పెట్టాలని ఒప్పందాలలో షరతు ఉంటుంది. ఆ షరతు అమలు చేయించవలసింది శాఖ అధికారులు.

చెల్లింపు పద్ధతి కూడా గమనించదగినదే. నెలల లెక్కన చెల్లిస్తే పని సాగదీయాలనే ఆశ పుడుతుంది. నివేదికకింత అని గుత్తగా ఇస్తే తొందరగా చుట్టేయాలనే ఆశ పుడుతుంది. ఎండాకాలంలో ఒక్క పూట వచ్చి కొలిచిపోవడం ఈ రెండవ జబ్బు. "వానాకాలంలో వంకలు చూడాలి, గ్రామస్థులను అడిగి వరద మట్టం రాయాలి" అని పని అప్పగించే కాగితంలోనే స్పష్టంగా రాసి, అది చేయనిదే డబ్బు లేదంటే జబ్బు కుదురుతుంది. కన్సల్టెంటు మంచివాడా చెడ్డవాడా అన్నది సగం ఆ కాగితమే తేలుస్తుంది.

నల్లరేగడి గుణం, కోతకాలం లారీ

మన జిల్లాలో కోవెలకుంట్ల, సంజామల వైపు నల్లరేగడి నేలలు ఎక్కువ. వాన పడితే ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల అది. బరువు మోసే బలం తక్కువ. ఆ బలాన్ని సి.బి.ఆర్. అనే పరీక్షతో కొలిచి, దాని ప్రకారం కింద గరుసు, పైన కంకర ఎంత మందం వేయాలో లెక్కగడతారు. ఊరి మొదట ఎర్ర గరుసు నేల, చివర నల్లరేగడి ఉంటే రెండు చోట్లా మట్టి తీయాలి. ఒక్కచోట తీసి రోడ్డంతటికీ అదే లెక్క వేస్తే నల్లరేగడిలో రోడ్డు అలలు అలలుగా లేస్తుంది.

రెండవది బండ్ల లెక్క. రోడ్డు మీద రోజుకు ఎన్ని బండ్లు తిరుగుతాయో చూసి మందం, వెడల్పు నిర్ణయిస్తారు. పల్లె రోడ్డుకు తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు, బండ్లు తక్కువైతే 3 మీటర్లు. కోతకాలంలో పెరిగే బండ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని పల్లె రోడ్ల నిబంధనలే చెబుతున్నాయి. శనగ లారీలు, వరి ట్రాక్టర్లు తిరిగే నెలలు వదిలి, పొలాలు ఖాళీగా ఉన్న మే నెలలో లెక్కిస్తే ఆ రోడ్డు మీద సైకిళ్లు తప్ప ఏమీ కనబడవు.

మూడవది నీరు. కుందూ పక్క ఊళ్లవారు 2009 అక్టోబరు వరదలను, 2019 సెప్టెంబరు వానలను మరచిపోలేదు. నీరు ఏ గుడి మెట్టు దాకా వచ్చిందో, ఏ చెట్టు మొదలు మునిగిందో వారు వేలు పెట్టి చూపగలరు. ఈ లెక్క ఏ యంత్రమూ చెప్పదు, ఊరివారే చెప్పాలి.

నల్లమల అంచున ఉన్న చెంచు గూడేలది వేరే చిక్కు. 2023 నవంబరులో మొదలైన పి.ఎం. జన్‌మన్ పథకం కింద 100 జనాభా ఉన్న గూడేనికి కూడా రోడ్డు ఇవ్వవచ్చు. కానీ అడవిలో రోడ్డుకు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఏ బాట వెంట పోతే అనుమతి సులువో ముందుగా చూసుకోకుండా గీత గీస్తే ఫైలు బల్లల మీదనే తిరుగుతుంది.

అసలైన రోజు

ఇవన్నీ ఊరివారు చెప్పడానికి ఒక రోజు ఉన్నది. డి.పి.ఆర్. తయారు చేసేటప్పుడు ఇంజనీరు, సర్పంచి, రెవెన్యూ సిబ్బంది, గ్రామస్థులు కలిసి రోడ్డు వెళ్లే దారి పొడవునా నడవాలని సడక్ యోజన నిబంధనలు చెబుతున్నాయి. దీనినే ట్రాన్సెక్ట్ వాక్ అంటారు. ఎక్కడ మలుపు, ఎవరి చేను గట్టు పోతుంది, ఎక్కడ కల్వర్టు కావాలి అన్నది ఆ నడకలోనే తేల్చాలి. ఎవరేమి చెప్పారో రాసి, గ్రామ పంచాయతీ ఆమోదించి, నకలు డి.పి.ఆర్.కు జతచేయాలి. ఆ తర్వాత వరంగల్ ఎన్.ఐ.టి. వంటి సాంకేతిక విద్యాసంస్థలు నివేదికను పరిశీలిస్తాయి. అక్కడివారు కాగితం చూస్తారే గాని మన వంక చూడరు. కాగితంలో లేని వంక వారికి లేనట్లే.

ఈ నడక చాలా ఊళ్లకు తెలియకుండానే జరిగిపోతున్నది. సర్పంచి ఇంట్లో టీ తాగి, నలుగురి సంతకాలు తీసుకుని వెళ్లిపోతే నడక అయినట్లే రాస్తారు. తర్వాత కల్వర్టు కావాలంటే "అంచనాలో లేదు" అనే జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు. అంచనా పెంచాలంటే మళ్లీ కింది నుంచి పై దాకా ఆమోదాలు తిరగాలి. ఒక్క పూట నోరు తెరవనందుకు ఊరు ఏళ్ల తరబడి నీళ్లలో నడవవలసి వస్తుంది.

ఊరు చేయదగినవి

కొలతలకు ఎవరైనా వస్తే మీరు ఏ సంస్థ, ఏ రోడ్డు, నడక ఎప్పుడు అని అడగడం తప్పు కాదు. ఆ రోజును ముందుగా చాటింపు వేయించమని పంచాయతీని కోరాలి. ఆడవారు కూడా రావాలి. గర్భిణీని ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు ఆటో ఎక్కడ దిగబడుతుందో వారికే బాగా తెలుసు. వరద మట్టం, వంకలు, పొలాలకు నీళ్లు పారే కాలువల దాటులు ఒక కాగితం మీద రాసి, పంచాయతీ ముద్ర వేసి, నకలు దగ్గర పెట్టుకోవాలి. ఈ పథకంలో భూసేకరణకు కేంద్రం డబ్బివ్వదు కాబట్టి ఎవరి గట్టు ఎంత పోతుందో కూడా ఆనాడే తేల్చుకుంటే రేపు పని మధ్యలో ఆగదు.

పని మొదలయ్యాక రోడ్డు పక్కన తెలుగులో బోర్డు ఉండాలి. ఏ పొరలో ఎంత సామాను వాడుతున్నారో అందులో రాయాలి. సహాయ ఇంజనీరు రెండు నెలలకు ఒకసారి సర్పంచిని పిలిచి, సర్పంచి కోరిన రోడ్డును కలిసి తనిఖీ చేయాలని కూడా నిబంధన ఉన్నది. అడిగే సర్పంచులు ఎందరు? రోడ్డు పూర్తయిన నాటి నుంచి ఐదేళ్లు దాని బాగోగులు అదే కాంట్రాక్టరు చూడాలి. మా ఊరి రోడ్డుకు ఆ గడువు ఇంకా ఉన్నది. గుంతలు పూడ్చుతాడు. కానీ లేని కల్వర్టును కట్టమనడానికి వీలులేదు, అది అతని ఒప్పందంలో లేదు.

శాఖ అధికారులు కన్సల్టెంట్లను పెట్టుకునేటప్పుడు గ్రామస్థులతో నడిచిన నడక కాగితం జతచేయనిదే నివేదికకు డబ్బు చెల్లించబోమని ఒక్క షరతు గట్టిగా అమలు జరిపితే చాలా వరకు ఈ బాధలు తప్పుతాయి. నడక తేదీని వారం ముందుగా గ్రామ సచివాలయం గోడ మీద అంటించడానికి ఖర్చేమీ లేదు.

మా ఊళ్లో పెద్దాయన ఇప్పుడు వంక ఒడ్డున ఉన్న వేపచెట్టుకు సున్నంతో ఒక గీత గీయించాడు. నీళ్లు అంత ఎత్తు వచ్చాయని గుర్తు. "మళ్లీ ఎవరన్నా టేపు పట్టుకొనొస్తే ముందు దీన్ని చూపించు" అని ఈ విలేకరికి అప్పగించాడు. జిల్లాలో ప్రతి వంక ఒడ్డున ఇట్టి గీత ఒకటి ఉండటం మంచిది. వచ్చే కన్సల్టెంటు ఎండాకాలంలో వచ్చినా దానిని చూడక తప్పదు.